ఆ అప్‌డేట్ బటన్ నొక్కేది ఎవరు, ఎప్పుడు? రాయగడ, గజపతి, గంజాం జిల్లాల యజమానులకు బహిరంగ లేఖ

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ఊళ్ళలో దుకాణాలు, నర్సింగ్ హోములు, బళ్ళు నడుపుతున్న తెలుగు పెద్దలకు,

నమస్కారం. మీలో చాలామందికి నేను తెలిసినవాణ్ణే. సైటు తెరుచుకోకపోయినా, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ మొండికేసినా, ప్రింటరు కాయితం మింగినా మీరు కబురు పెట్టే మనుషుల్లో నేనొకణ్ణి. ఇన్నాళ్ళూ విడివిడిగా చెబుతూ వచ్చిన సంగతిని ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను. దసరా బేరాలు మొదలయ్యేలోపే చదువుతారని ఆశ. బేరాలు మొదలయ్యాక నాకొచ్చే ఫోన్లన్నీ ఒకటే పాట: "బాబూ, పొద్దున్న ఏదో అప్‌డేట్ అడిగింది, నొక్కేశాం. ఇప్పుడు బిల్లు రావడం లేదు."

సంగతి ప్లగిన్ల గురించి, అంటే ఒక సాఫ్ట్‌వేర్‌కు అదనపు పనుల కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల గురించి. మీ సైటు వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంటే, అందులో ఆర్డర్ తీసుకునేది ఒక ప్లగిన్, డబ్బు కట్టించుకునేది ఇంకొకటి, జీఎస్టీ బిల్లును పీడీఎఫ్ చేసేది మరొకటి, ఎస్ఎంఎస్ పంపేది వేరొకటి. ట్యాలీ వాడేవాళ్ళకు ఆ పని టీడీఎల్, అంటే ట్యాలీకి విడిగా రాయించి తగిలించుకునే ప్రోగ్రాం, చేస్తుంది. మీ బిల్లులో నేతగాడి పేరు, జరీ తూకం వచ్చే గడులు విశాఖలోనో బరంపురంలోనో ఎవరో కుర్రాడి చేత రాయించుకున్న టీడీఎల్ వల్లే వస్తున్నాయి. వీటిని రాసినవాళ్ళు ఒకరినొకరు ఎరగరు. కొందరు ఆ పని మానేసి ఏళ్ళయి ఉంటుంది. అయినా మీ కౌంటర్ నడిచేది వాళ్ళు రాసిన దాని మీదే.

బటన్ ఎవరు నొక్కినా మాట పడేది కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి. నేను చూసిన ఒక బట్టల దుకాణంలో పీడీఎఫ్ బిల్లు ప్లగిన్ కొత్త వెర్షన్ ఎక్కగానే బిల్లు నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యాయి. ఆ రోజు ఎవరూ గమనించలేదు. బిల్లు వస్తోంది, డబ్బు పడుతోంది, అంతా బాగానే ఉందనుకున్నారు. అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేసే వేళ ఒకే నంబరుతో రెండేసి బిల్లులు బయటపడ్డాయి. జీఎస్టీ నిబంధన 46 ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో బిల్లు నంబరు వరుసగా ఉండాలి, మళ్ళీ రాకూడదు. షావుకారు గారు బిల్లింగ్ అమ్మాయిని నలుగురిలో నిలబెట్టి అడిగారు. ఆ అమ్మాయికి అప్‌డేట్ జరిగిందన్న సంగతే తెలియదు. నొక్కింది ఆయన కొడుకే, ఫోన్‌లో, కొరాపుట్ నుంచి రైల్లో వస్తూ. ఆ లైనులో సొరంగం సొరంగానికీ సిగ్నల్ పోతుందని మనందరికీ తెలుసు. సైటు సగంలో ఆగిపోకపోవడం వాళ్ళ పూర్వజన్మ సుకృతం.

ఈ విషయంలో మన ఊళ్ళలో రెండు పార్టీలున్నాయి. అప్‌డేట్ వచ్చిందని చెప్పే ఎర్ర చుక్క కనబడగానే అన్నిటికీ టిక్కు పెట్టి ఒకేసారి నొక్కేసేవాళ్ళు ఒక పార్టీ. "నడుస్తున్నదాన్ని కెలకొద్దు" అని ఏళ్ళ తరబడి ముట్టుకోనివాళ్ళు రెండో పార్టీ. వయసు మళ్ళిన యజమానులు ఎక్కువగా ఈ రెండోదాంట్లో ఉంటారు.

ముందు కెలకొద్దు పార్టీ గురించి. వాళ్ళ భయం ఉత్తది కాదు, చాలామంది ఒకసారి చెయ్యి కాలినవాళ్ళే. కానీ ముట్టుకోనంత మాత్రాన సాఫ్ట్‌వేర్ ఉన్నచోట ఉండదు, దాని చుట్టూ లోకం మారిపోతుంది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక కన్నానికి మాటు వేసి ఇచ్చింది. మే 12న వానాక్రై అనే దొంగ ప్రోగ్రాం వచ్చి, ఆ మాటు వేయించుకోని యంత్రాలకు ప్రపంచమంతటా తాళాలు వేసింది. పక్కనే ఆంధ్రలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని వాటిలో ఉన్నాయి. అక్కడైనా రెండు నెలల వ్యవధి దొరికింది. ప్లగిన్ల విషయంలో అదీ దొరకదు. 2020 సెప్టెంబరు మొదట్లో ఫైల్ మేనేజర్ అనే వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లో లోపం బయటపడింది. ఏడు లక్షల పైచిలుకు సైట్లు దాన్ని వాడుతున్నాయి. లాగిన్ కూడా అక్కర్లేకుండా బయటివాడెవడైనా మీ సర్వర్‌లో తన ఫైలు పెట్టేయగల లోపం అది. సరిచేసిన వెర్షన్ వచ్చేసరికే దొంగలు తిరుగుతున్నారు. బరంపురం పట్టు అమ్ముకునే చిన్న సైటు మీద ఎవడికి కన్నుంటుందని మీరు అడగవచ్చు. వాడు మీ పేరు చూసి రాడు. ఆ ప్లగిన్ ఉన్న ప్రతి సైటునూ ఒక ప్రోగ్రాం తట్టి చూస్తుంది, అంతే.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. సరిగ్గా శరన్నవరాత్రుల మొదటి రోజు. రేటును సెట్టింగుల్లో మార్చుకోగలిగినవాళ్ళు పది నిమిషాల్లో బయటపడ్డారు. రేటును టీడీఎల్ లోపలో ప్లగిన్ లోపలో రాయించుకుని, తర్వాత దాని మొహం చూడనివాళ్ళకు ఆ ముందు రాత్రి జాగారమే అయింది. ఏళ్ళ అప్‌డేట్లన్నీ ఒక్క రాత్రిలో, పైగా పండగ రాత్రిలో ఎక్కించాల్సి వస్తే ఏది దేన్ని పాడుచేసిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక నొక్కేసే పార్టీ. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను నీలిరంగు తెర దగ్గర ఆపేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. అది ప్లగిన్ కాకపోయినా జబ్బు అదే. ముందు కొద్దిమంది దగ్గర వేసి చూడకుండా ఊరందరికీ ఒకేసారి పంపేశారు. ఆపైన విడతలవారీగా పంపుతామని ఆ సంస్థే చెప్పుకుంది. అంతటివాళ్ళకే తప్పనప్పుడు, మీ అప్‌డేట్‌ను ముందు మీ దగ్గరే ఒక మూల వేసి చూసుకోవడం అతిజాగ్రత్త అనిపించుకోదు.

కొత్తది వచ్చిందంటే మంచిదే వచ్చిందనుకోవడానికి కూడా లేదు. డిస్‌ప్లే విడ్జెట్స్ అని రెండు లక్షల సైట్లలో ఉన్న ప్లగిన్ ఒకటుండేది. రాసినాయన దాన్ని వేరేవాళ్ళకు అమ్మేశాడు. కొన్నవాళ్ళు 2017లో అప్‌డేట్ పేరుతోనే సైట్లలోకి తమ ప్రకటనల చెత్తను దూర్చారు. వర్డ్‌ప్రెస్ వాళ్ళు దాన్ని తీసేస్తే సర్ది మళ్ళీ తెచ్చారు, మళ్ళీ తీసేశారు. చివరికి శాశ్వతంగా వెలేశారు. ప్లగిన్ చేతులు మారిందని తెలిస్తే ఆ అప్‌డేట్ దగ్గర కాస్త ఆగడం మంచిది.

కాబట్టి నేను ఏ పార్టీవాణ్ణీ కాను. అప్‌డేట్ చెయ్యాలి. వెనక్కి వచ్చే దారి చూసుకుని చెయ్యాలి. అయిందో లేదో చెప్పాల్సింది నొక్కినవాడు కాదు, రోజూ దానితో పని చేసే మనిషి. నా గొడవంతా ఇదే.

వెనక్కి వచ్చే దారి గురించి కాస్త ఎక్కువే చెబుతాను. ఇక్కడే అందరూ పడుతున్నారు.

బ్యాకప్ ఉందా అని అడిగితే అందరూ ఉందంటారు. ఎక్కడుందంటే హోస్టింగ్ వాళ్ళ దగ్గర, అంటే సైటును తమ సర్వర్‌లో ఉంచేవాళ్ళ దగ్గర అంటారు. చివరిసారి దాన్ని తెరిచి చూసింది ఎప్పుడంటే ఇక మాట రాదు. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలో వెయ్యను. సగంలో ఆగినవి చూశాను, ఆరు నెలలుగా డిస్కు నిండి అసలు తీయడమే మానేసినవి చూశాను, ఫోటోలు మాత్రమే ఉండి ఆర్డర్లు లేనివి చూశాను.

సైటు బ్యాకప్ అంటే ఫైళ్ళూ డేటాబేసూ రెండూ ఉండాలి. ఫైళ్ళంటే ప్లగిన్లు, థీమ్, మీరు ఎక్కించిన చీరల ఫోటోలు. డేటాబేస్ అంటే ఆర్డర్లు, ఖాతాదారుల చిరునామాలు, మీ సెట్టింగులన్నీ. చాలా ప్లగిన్లు కొత్త వెర్షన్ ఎక్కగానే డేటాబేస్‌లోని పట్టికల రూపమే మార్చేస్తాయి. వర్డ్‌ప్రెస్‌లో దుకాణం నడిపే వూకామర్స్ ప్లగిన్ అయితే డేటాబేస్ కూడా అప్‌డేట్ చెయ్యాలని విడిగా అడుగుతుంది. అది అయ్యాక పాత ప్లగిన్ ఫైళ్ళు తెచ్చి పెట్టినంత మాత్రాన పాత స్థితి రాదు, పాత ప్లగిన్ ఆ కొత్త పట్టికలను చూసి తెల్లమొహం వేస్తుంది. ట్యాలీలోనూ అంతే. ప్రైమ్ 3.0 రిలీజుకి మారినప్పుడు కంపెనీ డేటాను కొత్త రూపంలోకి మార్చుకోవాల్సి వచ్చింది. మార్చాక అది పాత రిలీజులో తెరుచుకోదు. ముందుగా డేటా ఫోల్డర్ నకలు పక్కన దాచుకున్నవాళ్ళే, టీడీఎల్ తిరగబడినప్పుడు పాత రిలీజుకు వెళ్ళి ఆ రోజు పని గడుపుకున్నారు.

వెనక్కి రావడానికి ఒక ఖరీదు ఉంటుంది. దాన్ని ముందుగా ఎవరూ లెక్కకట్టరు. రాత్రి పదికి బ్యాకప్ తీశారనుకోండి. పొద్దున్న తొమ్మిదికి అప్‌డేట్ చేశారు. మధ్యాహ్నం రెండింటికి తేడా కనబడి బ్యాకప్ తిరిగి వేశారు. ఇప్పుడు మీ సైటుకు తెలిసిన ఆఖరి వేళ నిన్న రాత్రి పది. మధ్యలో వచ్చిన ఆర్డర్లు అందులో లేవు. డబ్బు మాత్రం పేమెంట్ గేట్‌వేలో పడి ఉంది. ఖాతాదారు ఫోన్‌లో ఆర్డర్ అందిందని మెసేజ్ ఉంది, మీ దగ్గర ఆర్డరే లేదు. నర్సింగ్ హోమ్ అయితే ఆ పూట రాయించుకున్న అపాయింట్‌మెంట్లు ఉండవు. మధ్యాహ్నం కాశీపురం నుంచో మోహన నుంచో బస్సెక్కి వచ్చిన మనిషికి రిసెప్షన్‌లో "మీ పేరు లేదండీ" అని చెప్పాల్సి వస్తుంది.

అందుకే బ్యాకప్ నిన్న రాత్రిది పనికిరాదు, నొక్కబోయే ముందు తీసినది కావాలి. పని జరుగుతున్నంతసేపూ ఆర్డర్లు తీసుకోవడం ఆపి, సైటు మీద ఒక చీటీ పెట్టాలి. తేడా వస్తే ఎంతసేపు కుస్తీ పట్టాలో కూడా ముందే అనుకోవాలి. నా లెక్క గంట. గంటలో తేలకపోతే మాట్లాడకుండా వెనక్కి వెళ్ళిపోవాలి. "ఇంకొక్క అరగంట, దొరికేస్తుంది" అనే మాటతోనే పూటలు పోయాయి. వెనక్కి వెళ్ళేముందు మధ్యలో వచ్చిన ఆర్డర్లు ఏమైనా ఉంటే వాటి జాబితా దింపుకోవాలి, తర్వాత చేత్తోనైనా ఎక్కించుకోవచ్చు.

ఆ బ్యాకప్ మరో ఊళ్ళో ఉండాలి. ఈ మాట వేరే ప్రాంతంవాళ్ళకైతే వివరించి చెప్పాలి, మనకు అక్కర్లేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, తిత్లీ గజపతి జిల్లాను ముంచింది, హుద్‌హుద్ మీ సైటు చేసిపెట్టిన కుర్రాళ్ళున్న విశాఖను పడుకోబెట్టింది. బీరువాలో పెట్టిన హార్డ్ డిస్కు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ బీరువా తడిసిన రోజున ఏం చేస్తారు? ఇంకోటి బయట క్లౌడ్‌లో ఉంచండి. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో అప్‌డేట్ జోలికే పోకండి. కరెంటు, నెట్టు, మనుషులు, ఏదీ చేతిలో ఉండదు.

ఇక మూలన వేసి చూసుకోవడం. దీన్ని స్టేజింగ్ అంటారు. మీ సైటుకు అచ్చమైన నకలు ఒకటి పక్కన పెట్టుకుని, అప్‌డేట్ ముందు దాని మీద చేసి చూడటం. ఇప్పుడు చాలా హోస్టింగ్ కంపెనీలు ఒక బటన్‌తోనే ఇస్తున్నాయి. ట్యాలీకైతే ఇంకో కంప్యూటర్‌లో కొత్త రిలీజు వేసి, నకలు డేటాతో తెరిచి చూస్తే చాలు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. నకలు సైటుకు తాను నకలునని తెలియదు. అసలు ఖాతాదారులకే మెయిళ్ళు, మెసేజ్‌లు పంపేస్తుంది. అందుకని ముందు దాని మెయిల్, ఎస్ఎంఎస్ ఆపాలి, పేమెంట్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టాలి, బయటివాళ్ళకు కనబడకుండా పాస్‌వర్డ్ పెట్టాలి. నర్సింగ్ హోముల వాళ్ళకు మరీ చెబుతున్నాను. రోగుల పేర్లూ జబ్బులూ ఉన్న నకలును తెరిచి వదిలేసి, గూగుల్‌లో దొరికే స్థితికి తెచ్చుకోవద్దు.

నకలు మీద ఏం చూడాలి? బెంగళూరులో కూర్చుని ప్లగిన్ రాసినవాడికి మన బతుకు తెలియదు. మనది రెండు రాష్ట్రాల బేరం. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గీసిన గీత మన వీధుల పక్కనుంచే పోయింది. చుట్టాలూ ఖాతాదారులూ సగం అటే ఉండిపోయారు. పర్లాకిమిడి దుకాణం నుంచి బరంపురానికి చీర పంపితే కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ రెండూ పడాలి. అదే చీర, ఆనుకునే ఉన్నా ఆంధ్రలోకి వచ్చే పాతపట్నం చిరునామాకు పంపితే, రాష్ట్రం దాటే సరుకు మీద పడే ఐజీఎస్టీ ఒక్కటే పడాలి. జీఎస్టీ నంబరులో మన ఒడిశా కోడ్ 21, ఆంధ్రది 37. అప్‌డేట్ అయ్యాక ప్లగిన్ సెట్టింగులు దానికి తోచినట్టు మారిపోవడం మామూలే. మొత్తం సొమ్ము సరిగానే ఉంటుంది కాబట్టి ఖాతాదారు పట్టుకోడు, కౌంటర్‌లోనూ తెలియదు. ఆడిటర్ దగ్గర తెలుస్తుంది. అందుకే ప్రతి అప్‌డేట్ తర్వాతా రెండు ఉత్తుత్తి ఆర్డర్లు వెయ్యండి. ఒకటి రాయగడ 765001కి, ఇంకొకటి పార్వతీపురం 535501కి. బిల్లుమీద పన్ను ఎలా విడిపోయిందో చూడండి, కొరియర్ ఖర్చు చూడండి, బిల్లు నంబరు నిన్నటి ఆఖరి నంబరు తర్వాతిదేనా చూడండి.

తెలుగులో బిల్లు ఇచ్చేవాళ్ళు, చిరునామా చీటీలు తెలుగులో కొట్టేవాళ్ళు ఇంకోటి చూడాలి. పీడీఎఫ్ చేసే ప్లగిన్లు లోపల వేరే ఎవరో రాసిన లైబ్రరీని వాడుకుంటాయి. కొన్ని లైబ్రరీలకు మన వత్తులు కుదురుతాయి, కొన్నిటికి కుదరవు. అప్‌డేట్‌లో లైబ్రరీ మారినా, ఫాంటు మారినా అక్షరాలు విడివిడిగా రాలిపోతాయి. ఇంగ్లీషు పేరుతో పరీక్షిస్తే ఇది బయటపడదు. కృష్ణమూర్తి, లక్ష్మీనరసింహం, రాజ్యలక్ష్మి లాంటి పేరొకటి వేసి చూడండి. ఒడియాలో కూడా బిల్లు ఇస్తే ఒడియా పేరూ ఒకటి వెయ్యండి. అక్కడా అదే గొడవ.

ఎస్ఎంఎస్‌ది మరీ కనబడని రోగం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం మీరు పంపే ప్రతి మెసేజ్ నమూనా డీఎల్‌టీ అనే టెలికాం రిజిస్టరులో ముందుగా నమోదై ఉండాలి. నమోదైన దానికీ పంపినదానికీ పొంతన లేకపోతే టెలికాం వాళ్ళు మధ్యలోనే ఆపేస్తారు. అప్‌డేట్‌లో ప్లగిన్ తన సొంత ఇంగ్లీషు మాటలు తిరిగి పెట్టేసుకుందంటే అంతే సంగతి. మీ తెరమీద ‘పంపబడింది’ అనే ఉంటుంది, ఖాతాదారుకు మాత్రం చేరదు. కాబట్టి మీ ఫోన్‌కీ, అవతలి రాష్ట్రంలో ఉన్న చుట్టాల ఫోన్‌కీ ఒక్కో మెసేజ్ వచ్చిందని కళ్ళారా చూసేదాకా అప్‌డేట్ అయిందని అనకండి. ఇల్లు అలకగానే పండగ కాదు.

"ఇంత తతంగం ఎందుకు, ఆటో అప్‌డేట్ పెట్టేస్తే పోలా?" అని కుర్ర యజమానులు అడుగుతున్నారు. వర్డ్‌ప్రెస్‌లో 5.5 నుంచి, అంటే 2020 ఆగస్టు నుంచి, ప్లగిన్లకు ఆ సదుపాయం ఉంది. 2024లో వచ్చిన 6.6లో ఆటో అప్‌డేట్ వల్ల సైటు కూలిపోతే అదే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్ళే ఏర్పాటూ వచ్చింది. మంచి ఏర్పాటే. అయితే అది పట్టుకునేది సైటు మొత్తం కూలిపోయినప్పుడు. ఐజీఎస్టీ బదులు ఎస్‌జీఎస్టీ పడితే సైటు కూలదు కదా. వత్తు రాలిపోయినా కూలదు. అందుకని ఫోటోలు చూపించేవి, వెనకాల ఉండే భద్రతా ప్లగిన్ల వంటి వాటికి ఆటో పెట్టుకోండి. డబ్బు, పన్ను, బిల్లు, మెసేజ్, అపాయింట్‌మెంట్ జోలికొచ్చే వాటికి వద్దు. అవి మనిషి చేతిలోనే ఉండాలి.

మనిషి చేతిలో ఉన్నప్పుడు ఒక్కోటీ విడిగా చెయ్యాలి. పన్నెండూ కలిపి నొక్కితే ఏది కొంప ముంచిందో తెలియదు. నొక్కేముందు చేంజ్‌లాగ్, అంటే కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే పట్టీ, చదవాలి. అందులో భద్రత మాట ఉంటే ఆ రోజే పని మొదలుపెట్టాలి, పండగని చూడకూడదు. కొత్త సదుపాయాలు మాత్రమే ఉంటే వారం పది రోజులు ఆగినా నష్టం లేదు. ఈలోగా వేరేవాళ్ళు ఏమంటున్నారో తెలుస్తుంది. మధ్యలో బ్రౌజర్ మూసేసి సైటు మరమ్మతులో ఉందన్న మాట దగ్గరే ఆగిపోతే కంగారు పడకండి. అప్‌డేట్ మొదలవగానే వర్డ్‌ప్రెస్ ఒక గుర్తు ఫైలు పెట్టుకుంటుంది, పది నిమిషాలు దాటిన గుర్తును అదే పట్టించుకోవడం మానేస్తుంది. ఆ పది నిమిషాల్లో భయపడి ఇంకేదో నొక్కేవాళ్ళ వల్లే నాకు పని ఎక్కువ.

వేళ సంగతి. నెలలో 11వ తేదీ లోపు జీఎస్టీఆర్-1, 20 లోపు పన్ను కట్టే రిటర్ను 3బీ వేసేవాళ్ళు ఎక్కువ. ఆ గొడవ ముగిశాక, నెలాఖరు హడావుడి మొదలయ్యేలోపు దొరికే రోజులే మేలు. శనివారం సాయంత్రం ఎవరూ చెయ్యకండి, ఆదివారం ఫోన్ ఎత్తే డెవలపర్ నాకింతవరకు కనబడలేదు. మంగళవారమో బుధవారమో పొద్దున్న ఏడింటికి, కౌంటర్ తెరవక ముందు చెయ్యండి. రాత్రి కొట్టు కట్టేశాక చేద్దామంటారు చాలామంది. నాకది నచ్చదు. అలసిపోయిన మనిషి ఒక్కడే కూర్చుని చేస్తాడు, పరీక్ష పొద్దున్నకి వాయిదా వేస్తాడు, ఆ పరీక్ష మొదటి ఖాతాదారు నెత్తిన పడుతుంది. ఆ పూటకి ఒక కాగితం బిల్లు పుస్తకం, నర్సింగ్ హోమ్ అయితే చీటీల పుస్తకం దగ్గరుంచండి. బిల్లు పుస్తకానికి వేరే వరుస నంబరు పెట్టుకోండి, తర్వాత లెక్కల్లో కలిసిపోకుండా.

ఇప్పుడు మీకు కాస్త చేదుగా ఉండే మాటలు. మీలో కొందరి సైట్లు, డొమైన్లు (సైటు పేర్లు), ఎప్పుడో చేసిపెట్టి వెళ్ళిపోయిన కుర్రాడి మెయిల్ మీదే ఉన్నాయి. అతను దుబాయ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగంలో ఉన్నాడు, ఫోన్ ఎత్తినా రెండు రోజులకి ఎత్తుతాడు. అది మీ ఆస్తి, మీ పేరు మీదకు మార్పించుకోండి. కొందరు డబ్బు కట్టాల్సిన ప్లగిన్‌ను ఎక్కడో ఊరికే దింపుకుని వాడుతున్నారు. వాటికి అప్‌డేట్లు రావు, వాటి లోపల దొంగదారులు ఉండటం పరిపాటి. లైసెన్సు కొన్నవాళ్ళలో కూడా ఏడాది తిరిగాక కట్టడం మానేసినవాళ్ళున్నారు. ఎర్ర చుక్క రావడం లేదు కాబట్టి అంతా బాగుందనుకుంటున్నారు. అప్‌డేట్ రావడం ఆగిపోయింది కాబట్టే చుక్క రావడం లేదు. వాడని ప్లగిన్‌ను ఆపి వదిలెయ్యకండి, తీసేయండి. ఆపినంత మాత్రాన దాని ఫైళ్ళు సర్వర్ మీంచి పోవు.

మీ అందరి దగ్గరా ఇంకో అలవాటు చూశాను. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే ఉంటుంది, కౌంటర్‌లో గోడకి అంటించి ఉంటుంది. బిల్లింగ్ చేసేవాళ్ళకు వూకామర్స్‌లో షాప్ మేనేజర్ లాగిన్ ఇస్తే చాలు. ఆర్డర్లు చూసుకోవచ్చు, ధర మార్చుకోవచ్చు, ప్లగిన్లు మాత్రం ముట్టుకోలేరు. అలా చేస్తే వాళ్ళు పొరపాటున నొక్కే ప్రశ్నే ఉండదు, తర్వాత వాళ్ళను అనుమానించే అవసరమూ మీకు ఉండదు. అడ్మిన్ లాగిన్ ఒకరిద్దరికి మించి వద్దు. మీ అబ్బాయికి ఇచ్చినా ఫోన్‌లో వద్దు.

సైట్లు, టీడీఎల్‌లు చేసే తమ్ముళ్ళకూ ఒక మాట. చేసిచ్చి వెళ్ళేటప్పుడు ఏ ప్లగిన్ ఎందుకు పెట్టారో, దేనికి లైసెన్సు ఎప్పటివరకు ఉందో, మీరు స్వయంగా ఎక్కడెక్కడ మార్పులు చేశారో ఒక కాగితం రాసివ్వండి. ప్లగిన్ ఫైలులోకే దూరి కోడ్ మార్చకండి, అప్‌డేట్ వచ్చిన రోజున ఆ మార్పు తుడిచిపెట్టుకుపోతుంది. చెయ్యక తప్పకపోతే కనీసం ఆ సంగతి చెప్పండి. ఖర్చు తక్కువ చెప్పి పని పట్టుకోవడానికి నిర్వహణ మాటే ఎత్తకపోవడం మీలో చాలామంది చేస్తున్నదే. తర్వాత ఆ భారం కౌంటర్ మీద పడుతోంది.

షావుకార్లకు చివరిగా నేను అడిగేది ఇదీ. ఈ నెల 20 దాటాక ఒక పొద్దున్న మీ బిల్లింగ్ మనిషిని, రిసెప్షన్ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు రోజూ చేసే పనులు వాళ్ళ మాటల్లోనే కాగితం మీద రాయించండి. అప్‌డేట్ తర్వాత పరీక్షించాల్సిన పట్టీ అదే. నేను రాసేదానికన్నా, మీరు రాసేదానికన్నా అది మెరుగ్గా ఉంటుంది. ఆ పట్టీలో ప్రతి గీత మీదా వాళ్ళు టిక్కు పెట్టేదాకా కౌంటర్ తెరవకండి. వాళ్ళు "తేడాగా ఉంది" అంటే వెనక్కి వెళ్ళమని చెప్పే హక్కు వాళ్ళకే ఇవ్వండి. ఆ గంటన్నరకి జీతం కట్టి ఇవ్వండి, తొందరగా రప్పించినందుకు టిఫిను కూడా పెట్టించండి. నా నంబరు మీ ఫోన్‌లో ఉంచుకోవడం కాదు, వాళ్ళ దగ్గర ఉంచండి. తేడా వాళ్ళకు కనబడి, వాళ్ళు మీకు చెప్పి, మీరు నాకు చెప్పి, నేను అడిగినదానికి మీరు మళ్ళీ వాళ్ళను అడిగి చెప్పేసరికే మన పూట గడిచిపోతోంది.

ఇట్లు,
రాయగడ నుంచి,
మీ కంప్యూటర్లు చూసే మనిషి